చిడతలు పలికేదాకా: తాతయ్య క్యాసెట్ల డైరీ

జనవరి 16

కనుమ నాడు అటక మీది ట్రంకు పెట్టె దింపాం. ఎలకలు కొట్టిన పాత పంచాంగాల కింద 41 క్యాసెట్లు. "పాత సామాన్లవాడు కూడా తీసుకోడు వాటిని" అంది అమ్మ. నాకు మాత్రం కొన్నింటి మీద బాల్ పెన్నుతో రాసిన పేర్లు చూడగానే చేతులు ఆగలేదు. "నవమి 87, రెండో రాత్రి", "ధనుర్మాసం, గుడి దగ్గర", "నాన్నగారి హార్మణీ".

తాతయ్య హార్మోనిస్టు. కోనసీమలో నవమి పందిళ్లలో హరిదాసుల పక్కన వాయించేవారు. నేను పుట్టిన ఏడాదే పోయారు. పక్కవాద్యం మనిషి కాబట్టి మైకులో మాట్లాడిన సందర్భాలు లేవట. ఈ టేపులన్నీ బాబాయి తీసినవి. అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. పెద్ద మావయ్య మస్కట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డర్ పట్టుకుని, తాతయ్య మోకాలి పక్కనే కూర్చునేవాడట.

సాయంత్రానికి క్యాసెట్లు రెండు కుప్పలయ్యాయి. కంపెనీవాళ్లు అచ్చేసి అమ్మిన 17 పక్కన పెట్టేశాను. అవి ఇవాళ ఎక్కడైనా ఇంతకంటే మంచి నాణ్యతతో దొరుకుతాయి, వాటి మీద గంటలు తగలేయడం దండగ. మిగిలినవి 24. తొమ్మిది రేడియోలోంచి పట్టినవి, పదిహేను పందిళ్లలోనూ ఇంట్లోనూ తీసినవి.

మొట్టమొదట చేసిన పని, 24 క్యాసెట్లకూ వెనక అంచున ఉండే ప్లాస్టిక్ నాలుకలు స్క్రూడ్రైవర్‌తో విరగ్గొట్టడం. అవి పోతే ఏ మిషనులోనూ రికార్డు మీట దిగదు. పొరపాటున కూడా చెరిగిపోయే ప్రమాదం ఉండదు.

జనవరి 26

హైదరాబాద్ వచ్చాక, ఈ టేపులను కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఆన్‌లైన్‌లో ఒక చిన్న యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కొన్నాను. వెయ్యి చిల్లర. అచ్చం వాక్‌మన్ లాగే ఉంది. పెట్టి వింటే హార్మోనియం సుడిగాలిలో పెట్టి వాయించినట్టు వణుకుతోంది. పైగా శబ్దం తగ్గినప్పుడల్లా అదే వాల్యూమ్ పెంచేస్తోంది, దాంతో హరిదాసు గారు ఊపిరి తీసుకున్న ప్రతిసారీ హోరు పైకి లేస్తోంది. తిప్పి పంపేశాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లకి ఒకటే చెబుతాను: సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది, కేబుల్ రెండొందలకు వస్తుంది, డబ్బు పెట్టాల్సింది టేపును తిప్పే మిషను మీదే. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో, అటూ ఇటూ ఊగకుండా నడవాలి. అది కుదరనిదాన్ని తర్వాత కంప్యూటర్లో బాగుచేయడం నరకం.

ఫిబ్రవరి 2

కోఠి గుజరాతీ గల్లీలో మూడు దుకాణాలు తిరిగాక ఒక పాత క్యాసెట్ డెక్ దొరికింది. ప్లే నొక్కితే లైటు వెలుగుతుంది, చక్రం తిరగదు. అందుకే చవగ్గా ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పితే లోపల రబ్బరు బెల్టు తారులా కరిగి ఫ్లైవీలుకు అంటుకుపోయి ఉంది. గంటన్నర తుడిచాను. చేతులకు అంటిన ఆ నలుపు మూడు రోజులు వదల్లేదు. దారం చుట్టి చుట్టుకొలత తీసుకుని మళ్లీ అదే గల్లీకి వెళ్లి కొత్త బెల్టు తెచ్చి వేశాను. తిరిగింది.

టేపు మీది శబ్దాన్ని చదివే భాగం హెడ్డు. దాన్ని తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు. మందుల షాపులో దొరికే స్పిరిట్ వాడకూడదు, అందులో ఇంకేవేవో కలుపుతారు, హెడ్డు మీద పొర మిగులుతుంది. టేపును లాగే రబ్బరు చక్రానికి ఆల్కహాల్ కూడా పెట్టలేదు, సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచాను. దూది పుల్ల మీద వచ్చిన గోధుమరంగు పొడి నిజానికి ఎవరివో పాటలు. ఏ పాటలో ఏమో.

ఫిబ్రవరి 8

క్యాసెట్ల వైద్యం.

ఏడింటికి బూజు పట్టింది. గోదావరి గాలికి తప్పదు. కిటికీలోంచి చూస్తే టేపు చుట్టల అంచుల మీద విభూతి రాసినట్టు తెల్లగా కనబడుతుంది. వాటిని అలాగే డెక్‌లో పెడితే బూజు హెడ్డుకు అంటి, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. బాల్కనీలో మాస్కు కట్టుకుని షెల్ విప్పి, చుట్టల పక్కలు మెత్తటి బ్రష్షుతో దులిపి, ఆల్కహాల్ తడి చేసిన గుడ్డతో అద్దాను. రుద్దలేదు.

మూడింటికి ప్రెషర్ ప్యాడ్ ఊడిపోయింది. టేపును హెడ్డుకు ఒత్తి పట్టే ఆ చిన్న ఉన్ని ముక్క జిగురు ఎండి రాలిపోతుంది. అది లేకపోతే శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది, వస్తూ పోతూ ఉంటుంది. కొత్త ప్యాడు అతికించడం కంటే సులువు ఏమిటంటే, పక్కన పెట్టిన 17 కంపెనీ క్యాసెట్లలో అయిదు స్క్రూల షెల్ ఉన్నది ఒకటి విప్పి, దానిలో మన చుట్టలు మార్చేయడం. అలా ఆ 17 కూడా అక్కరకొచ్చాయి. స్క్రూలు లేకుండా అతికేసిన షెల్ అయితే అతుకు వెంబడి బ్లేడుతో కోయాలి. ఒకదానికి కోశాను. వేలు కూడా కోశాను.

ఒక టేపు తెగి ఉంది. ఎవరో దానికి అప్పట్లోనే సెలోటేప్ అంటించారు. దాని జిగురు పాకి అటూ ఇటూ మూడు చుట్లు కలిసిపోయాయి. ఆ ముక్క కత్తిరించి, టేపు అతికించడానికే వచ్చే సన్నటి స్ప్లైసింగ్ టేపు వెనకవైపు, అంటే హెడ్డుకు తగలని వైపు, వేశాను. అర సెకను పాట పోయింది. డైరీలో రాసి పెట్టాను, తర్వాత "ఇక్కడ తాళం తప్పిందేమిటి" అని ఎవరూ తాతయ్యను అనకుండా.

ఫిబ్రవరి 16

ఇవాళ చేసిన పనికి ముందు, చేసిన తర్వాత వింటే ఒకే క్యాసెట్ అంటే ఎవరూ నమ్మరు.

క్యాసెట్ 14, "నవమి 87, రెండో రాత్రి". పెట్టాను. హరిదాసు గారి గొంతు ఉంది, హార్మోనియం ఉంది, చిడతలు లేవు. అంటే ఉన్నాయి, చెక్క మీద చెక్క కొట్టినట్టు టక్కుటక్కుమంటున్నాయి. చిడతల్లోని ఇత్తడి బిళ్లల గలగల ఏదీ? ముప్పై ఏళ్లు దాటింది కదా, పై స్వరాలు పోయి ఉంటాయిలే అని సరిపెట్టుకోబోయాను.

పోలేదు. హెడ్డు కోణం తేడా. రికార్డు చేసిన మిషను హెడ్డు టేపుకు ఎంత నిటారుగా ఉందో వినిపించే హెడ్డు కూడా అంతే నిటారుగా ఉండాలి. ఒక డిగ్రీలో కొద్ది భాగం తేడా వచ్చినా సన్నటి శబ్దాలన్నీ కొట్టుకుపోతాయి. దీన్ని అజిమత్ అంటారు. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఉన్న చిన్న స్క్రూ తిప్పి సరిచేయాలి. తిప్పేముందు దాని మొదటి స్థానం స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను.

బాబాయి మిషను మోనో. నా డెక్ హెడ్డు స్టీరియో, ఆ ఒక్క దారినే రెండు సగాలుగా చదువుతుంది. రెండింటినీ కలిపి మోనోగా వింటూ స్క్రూ తిప్పితే, కోణం తప్పుగా ఉన్నప్పుడు సన్న శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, సరిగ్గా ఉన్నప్పుడు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. పావు చుట్టు కూడా తిప్పలేదు. తెర తీసినట్టయింది. చిడతలు, కాలి గజ్జెలు, వెనక ఎక్కడో పసిపిల్ల ఏడుపు. నేను నేల మీద కూర్చుండిపోయాను.

అప్పటి నుంచి నా కొలబద్ద చిడతలే. ప్రతి క్యాసెట్‌కూ, ప్రతి వైపుకూ విడిగా స్క్రూ తిప్పుతున్నాను. హోరు తగ్గించే డాల్బీ మీట మాత్రం ఆఫ్‌లోనే ఉంచాను. డాల్బీతో రికార్డు చేయని టేపుకు అది పెడితే, తెచ్చుకున్న చిడతలు మళ్లీ పోతాయి.

ఫిబ్రవరి 23

ఎక్కించడం మొదలైంది. డెక్ వెనక లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అక్కడి నుంచి లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు. లాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే శబ్దం పగిలిపోతుంది, ఆ తప్పు పదేళ్ల కిందటే చేసి ఉన్నాను. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. గంటకు ఒక గిగాబైట్ దాటుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలు చేస్తే దాదాపు సగమవుతుంది. లెవెల్ గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టాను. హరిదాసు గారు ఎప్పుడు ఉగ్రనరసింహుడవుతారో ముందుగా తెలియదు కదా.

గంటసేపు "గుయ్" మంటూ ఒక రొద ఏడిపించింది. లాప్‌టాప్ చార్జర్ పీకేస్తే పోయింది. ఇక బ్యాటరీ మీదే ఎక్కించాలి. ఈ సంగతి తర్వాత ఇంత అవసరపడుతుందని అప్పుడు అనుకోలేదు.

14వ క్యాసెట్ మొదటివైపు 30 నిమిషాలూ అయింది. చివర్లో కథ మధ్యలో ఆగి, ఎవరో కుర్రాడు ఏదో అన్నాడు. ఒకటి రెండు ముక్కలే, సన్నగా, గబగబా. ఏమన్నాడో తెలియలేదు. రెండోవైపు మొత్తం ఖాళీ. అయినా 14బి అని ఎక్కించి పెట్టాను.

మార్చి 1

ఉగాదికి ముందే ఒక్కటైనా పూర్తిచేసి బాబాయికి పంపుదామని 14ఏ పంపాను. రాత్రి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, బాగుంది గానీ శ్రుతి పెరిగిపోయిందిరా. ఆయన రెండుకి పాడేవారు. ఇది మూడు వైపు పోతోంది."

"మిషను స్పీడు తేడా అయ్యుంటుంది బాబాయ్."

"మొదట్లో అంత లేదు. పోనుపోను ఎక్కుతోంది. విను."

విన్నాను. నిజమే. నా చెవికి పట్టలేదు గానీ, అరగంటలో హరిదాసు గారి శ్రుతి దాదాపు ఒక అర మెట్టు పైకెక్కింది. ఆయన గొంతు అలా జరిగినా జరగొచ్చు, హార్మోనియం రీడు జరగదు. అంటే టేపు వేగమే మారింది. కారణం కూడా వెంటనే తట్టింది. పందిట్లో బాబాయి మిషను టార్చిలైటు సెల్లు మీద నడిచింది. సెల్లు నీరసపడితే మోటారు నెమ్మదిస్తుంది, నెమ్మదిగా ఎక్కిన టేపును మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతి పెరుగుతుంది.

సరే, అసలు వేగం ఎంత? ఎంత తగ్గించాలి?

మార్చి 8

ఊరెళ్లాను. తాతయ్య హార్మోనియం ఇంకా ఉంది, దుప్పటి చుట్టి బీరువా పక్కన. తిత్తి ఒకచోట చిరిగింది కానీ పలుకుతుంది. ఫోన్లో శ్రుతి కొలిచే యాప్ పెట్టి రెండో శ్రుతి మెట్టు నొక్కాను. 292 హెర్ట్జ్. పుస్తకం ప్రకారం 293.7 ఉండాలి, రీడు పాతబడి కాస్త దిగింది. 1987లో కూడా ఇంతే ఉందో లేదో చెప్పలేం, అయినా రీడు దిగితే చాలా కొద్దిగానే దిగుతుంది.

టేపులో అదే మెట్టు: మొదట్లో 298, పదిహేనో నిమిషం దాకా అంతే. 22వ నిమిషంలో 302. ముప్పైకి దగ్గరగా 311. అంటే మొదట్లో 2 శాతం ఎక్కువ, చివర 6.5 శాతం ఎక్కువ. మొదటి 2 శాతం సెల్లది కాదు, ఆ మిషను స్వభావమే అది. కరెంటు మీద తీసిన ఇంటి క్యాసెట్లు కూడా అంతే వస్తున్నాయి.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ రెండో సాక్ష్యం కోసం పందిరి రొద కొలిచాను. లౌడ్ స్పీకరు ఆంప్లిఫయర్ కరెంటుతో నడిచింది కాబట్టి 50 హెర్ట్జ్‌కు సంబంధించిన "గుమ్" ఒకటి వెనకాల ఉంటుంది. గొట్టం స్పీకర్లు 50, 100 దగ్గర పలకవు, 200 దగ్గర మాత్రం దొరికింది. హరిదాసు గారు మంచినీళ్లు తాగిన నిశ్శబ్దాల్లో ఏ శబ్దం ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఉందో చూపే ఆడాసిటీ స్పెక్ట్రమ్ తెరిచి, సన్న తేడాలు తెలిసేలా సైజు 65536 పెట్టి చూశాను. నా డెక్ రొద కాదని రూఢి చేసుకున్నాకే. చార్జర్ పీకి ఎక్కించింది అందుకే కలిసొచ్చింది.

మొదట్లో 198. చివర్లో 206.6.

లెక్క తిరగబడింది. అసలు 200 అనుకుంటే, మొదట్లో టేపు ఒక శాతం నెమ్మదిగా తిరుగుతోందన్నమాట! హార్మోనియం రెండు శాతం వేగం అంటోంది. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. రాత్రి పన్నెండు దాకా హార్మోనియం మీదే అనుమానపడ్డాను.

మార్చి 9

అబద్ధం చెప్పింది కరెంటు.

పొద్దున్న కాఫీ తాగుతూ బాబాయితో అంటే, "ఆ రోజుల్లో కరెంటా నాయనా, గోడ గడియారం కూడా వెనకపడేది" అన్నాడు. ఆయన మాట వరసకన్నాడు. నాకు గుర్తొచ్చింది, దక్షిణాది గ్రిడ్డు అప్పట్లో సాయంత్రాలు లోడు మోయలేక 50 హెర్ట్జ్ కంటే కిందే నడిచేది, 48 దాకా కూడా దిగేది. 2003లో కొత్త టారిఫ్ పద్ధతి వచ్చి, ఫ్రీక్వెన్సీ దిగినప్పుడు ఎక్కువ లాగినవాళ్లకు ధర వాతపెట్టాకే దారికొచ్చింది.

మళ్లీ లెక్క వేశాను. 198ని హార్మోనియం చెప్పిన 2 శాతంతో తగ్గిస్తే 194. చివరి 206.6ని 6.5 శాతంతో తగ్గిస్తే, అదీ 194. రెండు చోట్లా ఒకటే అంకె. అంటే ఆ రాత్రి మా ఊరి కరెంటు 48.5 హెర్ట్జ్. హార్మోనియం నిజమే చెప్పింది. ఆయన హార్మోనియాన్ని అనుమానించినందుకు దుప్పటి మడత పెట్టేటప్పుడు కాస్త సిగ్గేసింది.

ఆడాసిటీలో టైమ్ ట్రాక్ అని ఒకటి ఉంది. దాని మీద గీత గీస్తే ఆ గీత వెంబడి వేగం మారుతుంది. పదిహేను నిమిషాల దాకా 98 శాతం, 22 దగ్గర 96.7, ముప్పై దగ్గర 93.9. మొత్తం నిడివి నిమిషం దాకా పెరిగింది. వింటే చిడతలు కూడా తీరుబడిగా పలుకుతున్నాయి.

మార్చి 15

హోరు తగ్గించే పనిలో చెయ్యి కాల్చుకున్నాను. నాయిస్ రిడక్షన్ 18 డెసిబెల్స్ పెడితే హోరు మాయమైంది, దానితోపాటు గజ్జెలు కూడా. హరిదాసు గారు నీళ్ల బిందెలో తలపెట్టి కథ చెబుతున్నట్టుంది. 6కి తగ్గించాను, అదీ వినడానికి చేసుకునే కాపీలో మాత్రమే. అసలు ఫైలు జోలికి పోను. మోనో కాబట్టి రెండు చానెళ్లు కలిపి సగటు తీస్తేనే హోరు 3 డెసిబెల్స్ దిగింది, ఆ లాభం చాలు. హోరు ఉన్నా చెవి కాసేపటికి మర్చిపోతుంది, పోయిన చిడతలను మర్చిపోదు.

రేడియో క్యాసెట్లు తొమ్మిదీ రెండు రోజుల్లో అయిపోయాయి. విజయవాడ కేంద్రం భక్తిరంజని, మీడియం వేవ్‌లో పట్టినవి. అసలే పై స్వరాలు లేని శబ్దం కాబట్టి పెద్దగా చేయడానికేం లేదు. మధ్యలో మా నాయనమ్మ "పాలు పొంగాయి" అని అరవడం ఒకచోట పడింది. దాన్ని కత్తిరించమని చెల్లి, ఉంచమని అమ్మ. ఉంచాను.

మార్చి 22

14ఏ చివరి యాభై సెకన్లు మిగిలాయి. అక్కడ నా గీత పనిచేయడం లేదు. సెల్లు చచ్చిపోయే ఘడియలు అవి, వేగం జారుడుబండ మీద పడినట్టు పడింది. కొలుద్దామంటే హార్మోనియం ఆగిపోయింది. కథా ఆగింది. మిగిలింది ఆ కుర్రాడి గొంతు, పందిరి రొద.

రొద చాలు కదా. ఆ రాత్రి అది 194 అని ఇప్పుడు తెలుసు. అయిదేసి సెకన్లకు ఒకసారి కొలుచుకుంటూ పోయాను. 207, 211, 219, చివరికి 247 దాకా ఎక్కింది. ఆ చివరి చోట వేగం 78.5 శాతానికి దించాలి. ఒక్కో చుక్కా పెట్టి గీత లాగాను, వినిపించాను.

కుర్రాడు కాదు. పెద్దాయన. నెమ్మదైన బొంగురు గొంతు, మైకుకు దూరంగా, రికార్డరుకు దగ్గరగా: "ఒరే చిన్నోడా, చక్రం ఆగిపోతోంది. సెల్లు మార్చరా."

చిన్నోడంటే మా ఇంట్లో బాబాయే.

ఫైలు పంపి, ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా వినమన్నాను. విన్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు, ఫోన్లోంచి నాకూ వినబడింది. మూడోసారి కూడా అయ్యాక అన్నాడు:

"మార్చలేదురా. కొట్టు కట్టేశారు అప్పటికే."

రెండోవైపు ఖాళీ ఎందుకో అప్పుడు అర్థమైంది. 14బి ఫైలు తీసేశాను. 15 పెట్టి, చిడతల కోసం స్క్రూ తిప్పడం మొదలెట్టాను.